టురిన్ బండి ముఖాన పరాయి పేరు

ఖాజాగూడ గుట్టలకు ఎదురుగా ఉన్న ఒక ఐటీ పార్కులో నేను రవాణా డెస్కు చూస్తాను. ఏ కంపెనీ ఉద్యోగులకు ఏ క్యాబ్ పంపాలి, ముందు ఎవరిని దింపాలి, నిజాంపేట హాస్టళ్ల పిల్లలను ఏ బండిలో సర్దాలి, ఇదీ నా పని. చేసే పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఇస్త్రీ లేని చొక్కాతో ఆ డెస్కు దగ్గర నిలబడిన రోజు కూడా లేదు. కానీ నేను ఏ ఇంట్లో పుట్టానో అక్కడ ఎవరికీ చెప్పలేదు. తమ తాతకు ఏనుగు ఉండేదని క్యాంటీన్‌లో టీ తాగుతూ చెప్పుకునే మనుషులను చూశాను. వినేవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. ఆ రెండూ నాకు అక్కర్లేదు.

అందుకే ఆ పొద్దున లారీ మీద నుంచి మా బండి దిగుతుంటే, అక్కడున్న వాళ్లలో దాన్ని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయినా, నోరు తెరవలేదు.

టార్పాలిన్ తీయకముందే చెక్క ఆకుల చక్రం ఒకటి బయటికి కనిపించింది. తీశాక ఇక అనుమానం లేదు. మా బండిది ముదురు ఆకుపచ్చ రంగు, దీనికి పెళ్లి పందిరిలాంటి ఎరుపు పూశారు. సీట్లకు కొత్త తోలు కుట్టారు. అయితే కుడివైపు తలుపు బయట గేరు కడ్డీ, దాని పక్కనే బ్రేకు కడ్డీ అలాగే ఉన్నాయి. ఎడమవైపు ఎక్కే మెట్టు కింద ఇంకో మెట్టు ఉంది. అది ఇటలీలో చేసింది కాదు. మా నాయనమ్మ పొట్టి మనిషి. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తకుండా ఎక్కాలని మా ఊరి కమ్మరి చేసి బిగించిన ఇనుప మెట్టు. ప్రపంచంలో అలాంటి మెట్టు ఇంకో కారుకు ఉండదు.

నేను ముందుకు పోయి బండి ముఖం చూశాను. రేడియేటరు పైభాగాన ఇత్తడి పలక మీద ఒక గుండ్రటి బిళ్ల మెరుస్తోంది. దాని మీద ఇటలీదే ఇంకో కార్ల కంపెనీ పేరు. ఇప్పటికీ బతికున్న కంపెనీ, కార్ల గురించి ఏమీ తెలియని పిల్లలు కూడా గుర్తుపట్టే పేరు. మా బండిని తయారుచేసింది ఆ కంపెనీ కాదు. దాని మేకు ఒక్కటి కూడా ఆ కంపెనీలో పుట్టలేదు.

నాకు కోపం వచ్చిందని రాస్తే తక్కువ చేసి రాసినట్టు. ఎవరో మా ఇంటి మనిషిని పట్టుకుపోయి, గుండు గీసి, వేరే ఇంటి పేరు పెట్టి, తెచ్చి నా ముందే నిలబెట్టినట్టు అనిపించింది.

మా ఇంట్లో దాన్ని టురిన్ బండి అనేవారు. ఇటలీలో అది పుట్టిన ఊరు టురిన్. బొంబాయి ఏజెంటు ద్వారా మా తాత తెప్పించాడు. చేసిన కంపెనీ పేరు కూడా మా నాన్నకు బాగా తెలుసు, నాకూ చెప్పాడు. ఇక్కడ రాయను. రాస్తే ఎవడో ఒకడు దాన్ని తీసుకుపోయి ఏ గచ్చిబౌలి రెస్టారెంటుకో తగిలిస్తాడు.

ఆ బండి మా చేయి దాటిన తీరు కూడా చెప్పాలి. నాకు పదేళ్లప్పుడు సినిమా వాళ్లు వచ్చారు. ఒక పాటకు పాతకాలపు కారు కావాలన్నారు. వారం రోజుల్లో తెచ్చి ఇస్తామన్నారు. అప్పటికే కోటలాంటి మా గడిలో సగం గదులకు తాళాలు పడ్డాయి. కానీ అడిగినవాళ్లకు లేదనడం మా నాన్నకు చేతకాదు. కాగితం లేదు, సంతకం లేదు. పలకకు బొట్టు పెట్టి పంపాడు. వారం పోయింది, నెల పోయింది, పాట కూడా వచ్చి పోయింది. బండి రాలేదు. వెళ్లి అడగమని మా అమ్మ పోరింది. ఇచ్చినదాన్ని అడగడానికి గుమ్మం దిగేవాణ్ణి కానని మా నాన్న జవాబు. దిగలేదు. చివరిదాకా దిగలేదు. ఆ సినిమా వాళ్లు ఎవరికి అమ్ముకున్నారో, అది ఎన్ని చేతులు మారిందో మాకు తెలియదు. అప్పుడది గౌరవం అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంట్లో వస్తువులు పోగొట్టుకోవడానికి అంతకన్నా సులువైన పద్ధతి ఇంకోటి లేదు.

నేను మాత్రం అడగాలనుకున్నాను. బండిని కాదు, దాని పేరును.

పార్కు యజమానిది కోస్తా. భవనాలు కట్టి పైకి వచ్చిన మనిషి. వయసులో నాకన్నా చాలా చిన్న. ఎవరినైనా అండీ అనే పిలుస్తాడు, ఆ విషయంలో వంక పెట్టలేను. పై అంతస్తులను ఒక ఇటలీ కంపెనీకి కిరాయికి ఇచ్చాడు. వాళ్ల ఆఫీసు తెరిచే రోజుకు వాళ్ల దేశపు పాత కారు కింద హాలులో ఉండాలని దీన్ని కొనుక్కొచ్చాడు. నేను గదిలోకి పోయేసరికి ఫోన్లో ఆ కారు ఫొటోలే చూసుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను.

"బండి బాగుంది. దాని మీదున్న పేరు తప్పు."

"అదేంటండి, అమ్మినవాళ్లు అన్నీ చూపించారే. బాగుచేసినాయన దేశమంతా పేరున్నవాడు."

"బాగుచేయడం వచ్చి ఉండొచ్చు. పేరు మాత్రం అబద్ధం."

"మీకెలా తెలుసండి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆ బండి మా గడిలో ఉండేదని, అందులో ఎక్కి తిరిగానని చెప్పాను. అతను కుర్చీలోంచి లేచాడు. నిజంగా లేచాడు. నా డెస్కు దగ్గర ఏనాడూ ఆగని మనిషి నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టాడు. నాకు అది నచ్చలేదు. నచ్చలేదని అనుకున్నాను.

బాగుచేసినతను వేరే రాష్ట్రం వాడు. యజమాని అక్కడికక్కడే అతనికి ఫోన్ కలిపి, మాట నాకూ వినిపించేలా పెట్టాడు. నేను ఇంగ్లీషులో మర్యాదగానే మొదలుపెట్టాను. కాసేపటికి మర్యాద తగ్గింది. పలక మీద ఉన్న పేరును చెరిపేసి అమ్మకం కోసం పెద్ద కంపెనీ బిళ్ల తగిలించావని నేరుగానే అన్నాను. అతను ఒప్పుకోలేదు. తన దగ్గరికి వచ్చేసరికే పలక అద్దంలా నున్నగా ఉందని, దాని మీద ఒక్క అక్షరం గీత కూడా లేదని, రెండు చిన్న రంధ్రాలు మాత్రం ఉన్నాయని చెప్పాడు. కారు పోలికలు చూసి ఏ కంపెనీదో ఊహించానని, ఆ రంధ్రాలకే బిళ్ల బిగించానని అన్నాడు. ఊహించడానికి సిగ్గులేదా అని అడిగాను. అతను ఫోన్ పెట్టేశాడు.

అబద్ధమాడుతున్నాడని యజమానికి చెప్పి కిందికి వచ్చాను. హాలులో ఆ బండి ముందు నిలబడ్డాను. బిళ్ల అంచు కింద ఆ పలక కనిపిస్తోంది. నిజంగానే నున్నగా ఉంది. ఏ యంత్రం పెట్టినా అంత మెత్తటి నునుపు రాదు. అంచులు కరిగినట్టు వంగి, మధ్యలో కొంచెం లోతుగా, మా పూజగదిలో హారతి పళ్లెం ఎలా ఉండేదో అలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి మరింత మండింది.

మా ఇంట్లో ప్రతి దసరాకు బండికి పూజ. అందరి ఇళ్లలోనూ చేస్తారు, కానీ మా నాయనమ్మ పద్ధతి వేరు. దేవుడి సామానుతో పాటు బండి ఇత్తడి కూడా తోమాలి. దీపాలు, హారను, రేడియేటరు, పలక, అన్నీ. చింతపండు పులుసు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. పనివాళ్లను ముట్టనిచ్చేది కాదు. ఇంటి ఆడవాళ్లే తోమాలి. మా అమ్మ, మా మేనత్తలు కొంగు నడుముకు దోపి ఒక పూటంతా తోమేవారు. పలక దేవి ముఖంతో సమానమని, ముఖం మీద మచ్చ ఉండకూడదని ఆమె పట్టుదల. టురిన్‌లో ఎవరో పనివాడు సన్నని ఉలితో చెక్కిన అక్షరాలకు ఆమె దృష్టిలో అర్థం మురికి. ఏటేటా ఆ మురికి తగ్గుతూ వచ్చింది. చివరికి పూర్తిగా పోయింది. అక్షరాలు పోయాక ముఖం బోసిగా ఉందని ఆమెకే అనిపించింది. కంసాలిని పిలిపించి, అమ్మవారికి పెట్టినట్టు రెండు వెండి కళ్లు చేయించి పలకకు బిగించింది. ఆ రెండు రంధ్రాలు ఆ కళ్లవి. వెండి కాబట్టి, చేతులు మారే దారిలో ఎవరో పీక్కుని ఉంటారు.

ఇంకొకడి అబద్ధం మా నాయనమ్మ భక్తి చేసిన రంధ్రాలకే బిగిసి ఉంది. ఫోన్లో నేను తిట్టినవాడు ఆ ఒక్క విషయంలో నిజమే చెప్పాడు. అతనికి క్షమాపణ చెప్పానా అంటే, చెప్పలేదు. ఊహించి పేరు పెట్టినవాడికి క్షమాపణ ఏమిటి?

ఇక నా మాటకు ఆధారం ఏముంది? పలక మీద అక్షరాలు పోయాయి. చక్రాల మధ్య ఇత్తడి మూతలు కూడా అంతే, అవీ తోమారు. ఆ మధ్యాహ్నం డెస్కు దగ్గర కూర్చుని, పుప్పాలగూడ రూటు క్యాబ్ ఆలస్యమైందని అరుస్తున్న వాళ్లకు సమాధానం చెబుతూనే, మా నాన్న ఆ పేరును నాకు ఎక్కడ చూపించాడా అని ఆలోచించాను. ఆయన పలకను చూపించలేదు. నేను పుట్టేసరికే దానికి వెండి కళ్లున్నాయి. ఆయన బానెట్ ఎత్తి చూపించేవాడు. ఇంజను అడుగుభాగాన పోతపోసిన అల్యూమినియం మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉండేవి. చుట్టూ నల్లటి జిడ్డు. మా ఆడవాళ్లకు ఆ చోటు అసహ్యం. అక్కడికి చింతపండు పోలేదు, పసుపు పోలేదు. పూజకు పనికిరాని చోటు కాబట్టి పేరు అక్కడ బతికింది.

మర్నాడు యజమానిని హాలుకు రమ్మన్నాను. వచ్చాడు. బానెట్ పక్క రెక్క ఎత్తాను. లోపలంతా పాత జిడ్డు మీదే వెండి రంగు పెయింటు దట్టంగా పూసి ఉంది. అక్షరాలు కనిపించలేదు. అతను గడియారం చూసుకున్నాడు. నేను చొక్కా చేతులు మడిచి, చేయి లోపలికి పెట్టి, ఇంజను కింది అంచు వెంట వేలు పోనిచ్చాను. మొదటి అక్షరం వేలికి తగిలింది. తర్వాత రెండోది. అతని చేయి పట్టుకుని అక్కడ పెట్టాను. అనుమతి అడగలేదు. అతను కాసేపు తడుముతూ ఉండిపోయి, ఒక్కొక్క అక్షరమే పైకి చదివాడు. ఆ పేరు అతనికి తెలియదు. తెలియదని ముఖంలోనే కనిపించింది.

"ఇదేం కంపెనీ అండి? ఎప్పుడూ వినలేదు."

వినలేదు కాబట్టే చెప్పాను. నేను చదివినదంతా చెప్పాను. కార్ల చరిత్ర రాసినవాళ్లు గెలిచిన కంపెనీకి ఒక పుస్తకం ఇస్తారు, ఓడిన కంపెనీకి పేజీ అడుగున నాలుగు వాక్యాలు పడేస్తారు. ఆ నాలుగు వాక్యాలు వెతికి వెతికి పోగుచేయడం నా జీవితంలో నాకున్న ఒకే ఒక్క వ్యసనం. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో టురిన్ ఊరంతా షెడ్లే. రాజుగారికి గుర్రపు బగ్గీలు చేసినవాళ్లు, సైకిళ్లు బాగుచేసినవాళ్లు, జమీందార్ల కొడుకులు, అందరూ కార్ల కంపెనీలు పెట్టారు. షేర్లు ఎగబడి కొన్నారు. ఒక ఏడాది షేర్లు కుప్పకూలాయి, సగం షెడ్లకు తాళాలు పడ్డాయి. మా కంపెనీ నిలబడింది. దాన్ని పెట్టినవాడు బగ్గీలు చేసే ఇంటివాడు. భాగస్వాములతో గొడవపడి బయటికి వచ్చి సొంతంగా మొదలుపెట్టాడు. నాసిరకం పని చేయడం అతనికి రాదు. కొండదారుల్లో పందేలకు పంపిన కార్లు విరగకుండా తిరిగొచ్చేవి. అందుకే అంత దూరం నుంచి బొంబాయి దాకా వచ్చాయి. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. ప్రభుత్వం లారీలు కావాలంది, విమానాల ఇంజన్లు కావాలంది. అప్పు చేసి షెడ్లు పెంచాడు. యుద్ధం ఆగిన మర్నాటి నుంచి ఆ ప్రభుత్వానికే అతను ఎవరో తెలియదు. ఆర్డర్లు ఆగాయి, సమ్మెలు వచ్చాయి, బ్యాంకు వచ్చి కుర్చీలో కూర్చుంది. మిగిలిన ముక్కలతో చివరి కార్లు బిగించి తలుపులు మూశారు. షెడ్లను ఇంకొకరు కొన్నారు. పేరును ఎవరూ కొనలేదు.

ఇదంతా నేను మా ఇంటి కథ చెబుతున్నట్టే చెప్పాను. ఎప్పుడూ అలాగే చదివాను కూడా. నిజాయితీగా బతికి, కాలం మోసం చేసిన రెండు ఇళ్లు. ఒకటి టురిన్‌లో, ఒకటి మాది.

యజమాని శ్రద్ధగానే విన్నాడు. తర్వాత నేను ఊహించని మాట అన్నాడు.

"ఆ బిళ్ల తీయించేస్తానండి. తప్పు తప్పే. పలక మీద మీ గడి పేరు చెక్కిస్తాను. ఫలానా దేశ్‌ముఖ్‌ల బండి అని. పక్కన మీ తాతగారి ఫొటో పెద్దది పెడదాం. ఆ రోజు మీరు శాలువా కప్పుకుని స్టేజీ మీద ఉండాలి."

కంపెనీ పేరు సంగతి ఏమిటని అడిగాను. పలక చిన్నదండి, ఒక పేరే పడుతుంది అన్నాడు. ఎవరికీ తెలియని కంపెనీ పేరు చెక్కితే జనం చూసి పోతారని, ఒక గడి పేరు ఉంటే ఆగి చదువుతారని, ఫొటోలు దిగుతారని వివరించాడు. ఆలోచించుకుని చెప్పమన్నాడు. నేను వెంటనే వద్దనలేదు. ఆ సంగతి దాచను. డెస్కుకు తిరిగి వస్తుంటే నా నడుము ఇంకొంచెం నిటారుగా అయింది. మా తాత పేరు, ఇన్ని వేలమంది తలెత్తి చూసే హాలులో, ఇత్తడి మీద. నోరు తెరిచి అడగకుండానే వచ్చిన గౌరవం. మా నాన్న ఉంటే ఇలాగే రావాలనేవాడు.

ఇలాంటి మాటలు పార్కులో ఎంతసేపు దాగుతాయి? మధ్యాహ్నానికి డ్రైవర్లందరికీ తెలిసింది. వాళ్లలో ఒకతను మా జిల్లావాడే, మా గడికి రెండు వాగుల అవతలి ఊరు. నాతో ఎప్పుడూ పరాచకమాడే మనిషి. ట్రిప్పు షీటు మీద సంతకం కోసం వచ్చి నిలబడ్డాడు.

"ఇగ మిమ్మల్ని సార్ అనాల్నా, దొరా అనాల్నా?"

సార్ చాలు, బండి తీయమన్నాను. అతను కదల్లేదు.

"గా బండి ముచ్చట మా తాత చెప్తుండె సార్. వానకాలం మీ దొర సవారి వస్తుందంటె, వాగుల ఇరుకుతదని ముందుగాల్నే మా ఊరోళ్లను తెచ్చి ఒడ్డుకు కూసోబెడ్తుండ్రంట. పొద్దంత కూసునుడు, బండి దిగబడంగనే నెట్టుడు. కూలి లేదు, ఏం లేదు. బురద మీద పడ్డదని మల్ల తిట్లు."

నేను ట్రిప్పు షీటు దగ్గరికి లాక్కున్నాను. అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వులో విషం లేదు, అదే నాకు కష్టంగా ఉంది.

"మీ తాత పేరు పెట్టుండ్రి సార్, నేనేం వద్దంటలేను. గని కింద జర జాగ ఉంచుండ్రి. మా తాత పేరు గూడ చెక్కిపిద్దం. నెట్టింది ఆయననే గద."

మిగతా డ్రైవర్లు నవ్వారు. నేను షీటు మీద సంతకం పెట్టి ఇచ్చాను. అతను పోయాడు.

కోపం అతని మీద రావాలి. మొదట అతని మీదే వచ్చింది. నా ముందు, నా డెస్కు దగ్గర, పదిమందిలో అన్నాడు. సాయంత్రం బస్సులో నిజాంపేటలోని ఇంటికి పోతూ కూడా అతనికి చెప్పాల్సిన జవాబులు కూర్చుకుంటూనే ఉన్నాను. మా తాత బడి కట్టించాడని, కరువులో గాదెలు తెరిచాడని. అవన్నీ నిజమే. కానీ ఏ జవాబూ ఆ పలక మీద మా పేరు ఎందుకు ఉండాలన్న ప్రశ్న దగ్గరికి రాలేదు. ఆ బండికి మా ఇల్లు ఏం చేసింది? ఎక్కి కూర్చుంది. ఇంకొకరితో నెట్టించింది. చేసినవాడి పేరు అరిగేదాకా తోమింది. తర్వాత ఒక పాటకు ఎరువిచ్చి పోగొట్టుకుంది. టురిన్‌లో ఆ బగ్గీలవాడు దివాలా తీశాడు, నిజమే. కానీ తీసేలోపు ఒక వస్తువు చేశాడు. మూడు తరాల తర్వాత కూడా వేలికి తగిలేంత గట్టిగా దాని మీద పేరు పోతపోశాడు. రెండు ఇళ్ల కథ ఒకటేనని ఇన్నేళ్లూ చదువుకున్న నేను, ఆ ఒక్క తేడాను ఎలా చూడకుండా దాటిపోయానో తెలియదు. చూడటం ఇష్టం లేక కాబోలు.

మూడో రోజు యజమాని గదికి పోయాను. ఈసారీ కూర్చోలేదు.

"పలక మీద చేసినవాడి పేరే ఉండాలి. మా పేరు వద్దు. ఫొటో వద్దు, శాలువా వద్దు."

"మీరేంటండి, ఇస్తుంటే వద్దంటారు. పోనీ, రెండూ కలిపి ఏదో..."

"పలక చిన్నదని మీరే అన్నారు."

అతను నా ముఖంలోకి చూశాడు. బేరం కుదరదని భవనాలు కట్టేవాళ్లకు త్వరగా అర్థమవుతుంది. ఆ పేరు మీద ఇంత ఖర్చు పెట్టడం ఎందుకని మాత్రం అడిగాడు. ఒక పేరును చెరిపింది మేము, దాని చోట దొంగ పేరు పెట్టింది మీ మనిషి, ఇప్పుడు ఖాళీ చోట నా పేరు రాసుకుంటే నేను మూడో దొంగను అవుతానని చెప్పాను. గొంతు పెరిగింది. గది బయట కూర్చునే అతని సెక్రటరీ తలుపు సందులోంచి చూసింది. అతను చేయెత్తి, సరేనండి సరేనండి, అన్నాడు. నన్ను ఒప్పుకోవడం కన్నా వదిలించుకోవడం ఎక్కువగా ఉంది ఆ సరేలో. నాకు అదీ చాలు.

చెక్కడం పని నా కళ్లముందే జరగాలని పట్టుబట్టాను. పెయింటు గీకించి, పోత అక్షరాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చునే చెక్కేవాడికి ఇచ్చాను. అక్షరాల ఒంపు మారకూడదు. మారలేదు. బిళ్ల తీశాక మిగిలిన రెండు రంధ్రాలను పూడ్చనా అని అతను అడిగితే, అవి ఉండనీ అన్నాను.

ఆఫీసు తెరిచే రోజు వచ్చింది. హాలు నిండా పూలు. స్టేజీ మీద ఎవరెవరో మాట్లాడారు. కారు గురించి యజమాని రెండు ముక్కలు చెప్పాడు. కంపెనీ పేరు పలకడంలో తడబడి, వెంటనే దేశాల మధ్య స్నేహం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను డెస్కు దగ్గర నిలబడి చూశాను. అతిథులకు క్యాబ్‌లు సిద్ధంగా ఉంచడం నా పని.

భోజనాలకు పోయే ముందు ఇటలీ వాళ్లలో ఒకామె బండి దగ్గర ఆగింది. వయసు నడిమిది, మెడలో కొత్త ఐడీ కార్డు. పలక మీదికి వంగి పేరు పైకి చదివింది. ఆ పేరును దాని దేశపు నోటితో నేను విన్నది అదే మొదటిసారి. మా నాన్న పలికినట్టు లేదు. నేను దగ్గరికి పోయాను. ఆమె భుజాలు ఎగరేసి, ఇంగ్లీషులో అంది, ఈ కంపెనీ పేరు తను ఎప్పుడూ వినలేదట.

మీది ఏ ఊరు అని అడిగాను. టురిన్ అంది.

ఇక్కడి వాళ్లకు తెలియదంటే సరే, బాగుచేసినవాడు ఊహించాడంటే సరే. ఆ ఊరిలో పుట్టి, ఆ వీధుల్లో బడికి పోయిన మనిషి ఎలా వినకుండా ఉంటుంది? ఆ మాటే అడిగాను. అంత కటువుగా అడగవలసింది కాదేమో. ఆమె ఇబ్బందిగా నవ్వి, ఆ రోజుల్లో చాలా కంపెనీలు ఉండేవి కదా అంది.

"ఉండేవి. కానీ దీని కార్లు విరగలేదు," అన్నాను.

ఆమె మళ్లీ పలక వైపు చూసింది. ఈసారి పోవడానికి కాదు. షెడ్లు ఏ వైపు ఉండేవని అడిగింది. నేను బగ్గీలు చేసే ఇంటి దగ్గర నుంచి మొదలుపెట్టాను. యజమాని దూరం నుంచి క్యాబ్‌లు క్యాబ్‌లు అని సైగ చేస్తున్నాడు. పోర్టికోలో బండ్లు వరసగా ఆగి ఉన్నాయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. ఇన్నేళ్లలో నా వల్ల ఒక్క క్యాబ్ కూడా ఆలస్యంగా కదల్లేదు. ఆ రోజు కదిలింది. యుద్ధం దాకా వచ్చాను, ఇంకా బ్యాంకు సంగతి చెప్పాల్సి ఉంది, మధ్యలో ఆపడం నా వల్ల కాలేదు.